అయిదుగురు, ఒక్క సేవ్ ఫైల్: సివిలైజేషన్ 6లో మాకు సరిపోయే లెవెల్ ఎలా దొరికింది

సివిలైజేషన్ 6 అంటే ఒక దేశాన్ని టర్న్ తర్వాత టర్న్‌గా నడిపే కంప్యూటర్ ఆట. అయిదుగురం ఒకే సేవ్ ఫైల్‌ని వంతులవారీగా ఆడుతుంటే, 61వ టర్న్‌లో మా రాజధాని ఢిల్లీ పోయింది. ఆ పూట సేవ్ ఫైల్ నా చేతిలో ఉంది కాబట్టి పోగొట్టింది నేనేనని గ్రూపులో ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు. ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత పాత సేవ్‌లన్నీ వరసగా తెరిచి చూసుకుంటే, ఢిల్లీ పోవడం 19వ టర్న్‌లోనే మొదలైందని తేలింది. ఆ 42 టర్న్‌ల మధ్యలో నాలుగు చేతులు మారాయి. ఏ ఒక్కరూ పెద్ద తప్పు చేయలేదు. ఎవరి వంతు వాళ్లు బాగానే ఆడారు. అయినా మునిగాం.

ఆ ఆటకి, దాని తర్వాత ఆడిన మరో రెండింటికి లెవెల్, అంటే ఆట ఎంత కష్టంగా ఉండాలన్న మెట్టు, ఎలా ఎంచుకున్నామో, ఎక్కడ తప్పామో రాస్తున్నాను. ఇలాంటి వంతుల ఆటలు నడిపించడం నాకు నాలుగేళ్ల అలవాటు. ఫైల్ ఎవరి దగ్గర ఉందో చూసుకోవడం, ఆలస్యం చేసినవాళ్లకి ఫోన్ కొట్టడం, గొడవలు తీర్చడం నా పని. ఆటగాడిగా నేను మధ్యరకం.

ఎవరెవరం, ఏం ఆట

వంతుల ఆట అంటే ఒకే దేశాన్ని అందరం నడపడం. ఒకరు పది టర్న్‌లు ఆడి సేవ్ చేసి డ్రైవ్‌లో పెడతారు. తర్వాతివాళ్లు దాన్ని దింపుకుని మరో పది ఆడతారు. మొత్తం అయిదుగురం. నేను విశాఖలో ఉంటాను. ఇంజనీరింగ్‌లో నా రూమ్మేట్ డల్లాస్‌లో. మా బ్యాచ్‌వాడే ఇంకొకడు బెంగళూరులో, వాడి భార్య అక్కడే ఆసుపత్రిలో నర్సు. అయిదోవాడు విజయవాడలో బీటెక్ చదువుతున్న మా బాబాయి కొడుకు.

ఫిరాక్సిస్ కంపెనీ తయారుచేసిన సివిలైజేషన్ 6 2016 అక్టోబరులో విడుదలైంది. మాలో ముగ్గురికి అది 2020 మే నెలలో, లాక్‌డౌన్‌లో, ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణం ఎపిక్ స్టోర్ వారం రోజులు ఉచితంగా ఇచ్చినప్పుడు దొరికింది. అందుకే మేం ఆడేది బేస్ గేమ్ మాత్రమే. డల్లాస్ మావాడి దగ్గర ఎక్స్‌పాన్షన్లు, అంటే విడిగా కొనుక్కునే అదనపు భాగాలన్నీ ఉన్నాయి గానీ, వాటితో మొదలుపెట్టిన సేవ్ అవి లేనివాళ్ల దగ్గర తెరుచుకోదు. గుంపుగా ఆడేవాళ్లు లెవెల్ గురించి కొట్టుకునే ముందు ఇది చూసుకోవాలి. రెండేళ్ల కిందట వేరే గుంపుతో ఈ సంగతి వారం తర్వాత బయటపడి ఆట మొత్తం పారేసుకున్నాం.

ఒంటరిగా ఆడేటప్పుడు ఎవరి స్థాయి వాళ్లది. కష్టం తగ్గే వరసలో పై లెవెల్‌లు డీటీ, ఇమ్మోర్టల్, ఎంపరర్, కింగ్, ప్రిన్స్. డల్లాస్ వాడు ఇమ్మోర్టల్‌లో ఎప్పుడూ గెలుస్తాడు, డీటీలో అప్పుడప్పుడు. నేనూ తమ్ముడూ ఎంపరర్. బెంగళూరు వాడు కింగ్. చెల్లెమ్మ, అంటే వాడి భార్య, అప్పటికి ప్రిన్స్‌లో రెండు ఆటలు ఆడింది. ఒకటి గెలిచింది.

"అయిదు బుర్రలు కలిస్తే ఒక బుర్ర కంటే ఎక్కువే కదా మామా, ఇమ్మోర్టల్ పెట్టేద్దాం" అన్నాడు డల్లాస్ వాడు. నాకూ సబబుగానే తోచింది. 1999లో కాస్పరోవ్ ఒక్కడూ ఒక పక్క, ఇంటర్నెట్‌లో 50,000 మందికి పైగా ఇంకో పక్క చదరంగం ఆడారని కూడా గుర్తుచేశాడు. ఆ ఆట 62 ఎత్తుల దాకా వెళ్లింది, చివరికి గెలిచింది కాస్పరోవే. ఆ ముక్క మాత్రం వాడు చెప్పలేదు. పైగా ఆ ఆటలో ప్రతి ఎత్తుకీ అందరూ ఒకే బల్లను చూస్తూ ఓటు వేశారు. మా ఆట అలా కాదు. మాలో ఒకరు ఆడుతుంటే మిగతా నలుగురూ నిద్రలోనో ఆఫీసులోనో ఉంటారు.

లెవెల్ పెంచితే ఏం పెరుగుతుంది

దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. సివిలైజేషన్ 6లో ఎనిమిది లెవెల్‌లు ఉన్నాయి: సెట్లర్, చీఫ్‌టెన్, వార్‌లార్డ్, ప్రిన్స్, కింగ్, ఎంపరర్, ఇమ్మోర్టల్, డీటీ. ప్రిన్స్‌లో మనకీ కంప్యూటర్‌కీ సమానం. అక్కడి నుంచి ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ కంప్యూటర్ దేశాలకి ప్రొడక్షన్ (ఊళ్లు దళాలనీ భవనాలనీ తయారుచేసే వేగం), బంగారం 20 శాతం చొప్పున, సైన్స్, కల్చర్, ఫెయిత్ 8 శాతం చొప్పున పెరుగుతాయి. యుద్ధబలం ఒక పాయింటు కలుస్తుంది. అంటే ఇమ్మోర్టల్‌లో ప్రొడక్షన్ 60 శాతం ఎక్కువ, డీటీలో 80 శాతం ఎక్కువ. దీనికి తోడు ఆట మొదట్లో అదనపు సైన్యం, సెట్లర్లు (కొత్త ఊరు పెట్టే దళాలు). మనం ఒక్క సెట్లర్‌తో మొదలుపెడితే ఎంపరర్, ఇమ్మోర్టల్ లెవెల్‌లలో కంప్యూటర్ రెండింటితో, డీటీలో మూడింటితో మొదలుపెడుతుంది.

ఏ మెట్టులోనూ కంప్యూటర్‌కి తెలివి పెరగదు. ప్రిన్స్‌లో మతిలేకుండా సైన్యాన్ని నడిపేది డీటీలోనూ అలాగే నడుపుతుంది. కాకపోతే చేతిలో సరుకు ఎక్కువ. మన మీద ముందే బరువు మోపి పరిగెత్తించే పందెం అన్నమాట ఇది.

పాత ఆటల నుంచి వచ్చినవాళ్లకి ఒక మాట. సివిలైజేషన్ 4లో సమానంగా ఉండే మెట్టు నోబుల్, ప్రిన్స్ దానికి ఒక మెట్టు పైన. "నేను ప్రిన్స్ ఆడతాను" అని ఎవరైనా అంటే ఏ ఆటలో అని అడగండి.

మొదటి ఆట: ఇమ్మోర్టల్, గాంధీ

మన దేశమే కదా అని గాంధీని తీసుకున్నాం. ఆట తీరు గురించి మాట్లాడుకోలేదు. "చూసుకుంటూ పోదాం" అనుకున్నాం. మొదటి వంతు 20 టర్న్‌లు, తర్వాత తలా పది.

డల్లాస్ వాడు మొదటి 20 చక్కగా ఆడాడు. వాడి తలలో ఒక పథకం ఉంది. స్లింగర్‌తో (వడిసెల దళం) ఒక బార్బేరియన్‌ని (ఏ దేశానికీ చెందని దోపిడీ దళం) చంపితే విలువిద్య పరిశోధనకి యురేకా అనే ఊతం వస్తుంది, పరిశోధన సగంలోనే తేలిపోతుంది, తొందరగా ఆర్చర్లు చేసి పక్కనున్న కంప్యూటర్ దేశం సిథియాను అదుపులో పెట్టాలి. ఆ తర్వాత కొండల పక్కన క్యాంపస్, అంటే సైన్స్ పెంచే డిస్ట్రిక్ట్ (ఊరి పక్క గడిలో కట్టే ప్రత్యేక పేట). 19వ టర్న్‌లో ఢిల్లీ దగ్గరికి ఒక బార్బేరియన్ స్కౌట్ వచ్చింది. అది ఊరిని చూసి, తలమీద ఎర్ర గుర్తుతో వెనక్కి తిరిగింది. అది తన క్యాంపుకి చేరితే దాడి దళాలు బయల్దేరతాయి. మావాడు వారియర్‌ని దాని వెంట పంపి, ఇంకో రెండు టర్న్‌లలో పట్టుకుంటానని లెక్క వేసుకున్నాడు. ఈలోగా వంతు అయిపోయింది. ఫైల్ పంపుతూ రాసిన సందేశం మొత్తం ఇది: "డన్. అంతా బాగుంది. ఎంజాయ్."

తమ్ముడు ఫైల్ తెరిచాడు. ఊరికి దూరంగా ఒక వారియర్ కనిపించింది. మ్యాప్ చూడటానికి పంపినట్టున్నాడు అనుకుని ఇంకా దూరం పంపాడు. స్లింగర్‌నీ అలాగే. స్కౌట్ క్యాంపుకి చేరింది, గుర్రాలొచ్చాయి. తమ్ముడు ఎలాగో ఊరు కాపాడి ఒక సెట్లర్ చేసి బెంగళూరు వాడికి అప్పగించాడు. ఆ సెట్లర్‌ని ఎక్కడ దింపాలో చెప్పలేదు. బెంగళూరు వాడికి అర్థంకాక దాన్ని ఊళ్లోనే పది టర్న్‌లు కూర్చోబెట్టాడు. ఈలోగా గాంధీ కదా, మతం ఉంటే లాభం అని క్యాంపస్ స్థలానికి పక్కనే మతానికి పనికొచ్చే డిస్ట్రిక్ట్ హోలీ సైట్ మొదలుపెట్టాడు. నిజానికి వాడి ఆలోచన తప్పేమీ కాదు. గాంధీకి ఆట ఇచ్చిన ప్రత్యేక గుణమే మతంతో ముడిపడి ఉంది. తొలి రోజుల్లో ఊరి జనాభాకి ఒకటో రెండో డిస్ట్రిక్ట్‌లే పడతాయి, అందుకని క్యాంపస్ వెనక్కిపోయింది. చెల్లెమ్మ వంతులో సెట్లర్ బయల్దేరింది, తోడు సైన్యం లేదు, 44వ టర్న్‌లో బార్బేరియన్లు ఎత్తుకుపోయారు. సిథియా సరిహద్దులో గుర్రపు విలుకాళ్లు పోగవుతున్నారని ఆమె ఒక్కతే గమనించింది. గ్రూపులో అడిగింది కూడా: "అన్నయ్యా, వీళ్లు ఊరికే నిలబడ్డారా, వస్తున్నారా?" ఎవరూ రెండు రోజుల దాకా బదులివ్వలేదు. సిథియా తోమిరిస్‌కి గుర్రపు దళం ఒకటి చేస్తే ఇంకొకటి ఊరికే వస్తుంది. నా వంతులో వచ్చి పడ్డారు. గోడలు లేవు. ఆర్చర్ ఒక్కటి.

రాజధాని పోయాక కూర్చుని లెక్క వేశాను. ఒకరు మొదలుపెట్టి తర్వాతివాళ్లు వదిలేసిన పనులకి ఢిల్లీ ఎన్ని టర్న్‌ల ప్రొడక్షన్ ఖర్చుపెట్టింది? సెట్లర్‌కి 8, పనికిరాని హోలీ సైట్‌కి 7, ఎవరూ వాడని రెండో స్కౌట్‌కి 3. మొత్తం 18. అంటే 61 టర్న్‌లలో దాదాపు 30 శాతం నీళ్లపాలు.

ఇక్కడే నాకు విషయం వెలిగింది. మాకు 100 రావాల్సిన చోట 70 వస్తోంది. ఇమ్మోర్టల్‌లో కంప్యూటర్‌కి 160 వస్తోంది. 160ని 70తో భాగిస్తే దాదాపు 2.3. వృథా లేకుండా ఒంటరిగా ఆడేవాడికి డీటీలో కూడా ఈ లెక్క 1.8 దాటదు. మేం ఇమ్మోర్టల్ అనుకుని ఆటలో లేని తొమ్మిదో మెట్టు మీద ఆడాం. ఇది మోటు లెక్కే. ఒక్క ఊరిది, ఒక్క ప్రొడక్షన్‌ది. అయినా ఆ రోజు నుంచి లెవెల్ మాట వస్తే ముందు "మన చేతుల మధ్య ఎంత కారిపోతోంది?" అని అడగడం మొదలుపెట్టాను. ఎవరెంత బాగా ఆడతారన్నది తర్వాతి ప్రశ్న.

రెండో ఆట: ప్రిన్స్

దీని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. దెబ్బతిన్నవాళ్లం కాబట్టి భయంతో ప్రిన్స్ పెట్టాం. నా లెక్క ప్రకారం 100ని 70తో భాగిస్తే 1.43, అంటే ఎంపరర్ అంత గట్టిగా ఉండాలి. ఉండలేదు. 80వ టర్న్‌కే అందరికంటే ముందున్నాం, 120 దగ్గర ఎవరూ ఫైల్ తెరవడం లేదు. డల్లాస్ వాడు తన వంతు తొమ్మిది రోజులు ఆపాడు. అడిగితే "ఆఫీసులో టెన్షన్‌గా ఉంది మామా" అన్నాడు. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

నా లెక్క ఎందుకు తప్పింది? ఆలోచిస్తే రెండు కారణాలు కనిపించాయి. ఒకటి, వృథా అన్నది ఆట పొడుగునా ఒకేలా ఉండదు. ఒక్క ఊరు ఉన్నప్పుడు ఒక సెట్లర్ పోతే సగం దేశం పోయినట్టు. పది ఊళ్లు ఉన్నాక ఒకడు పిచ్చి భవనం కట్టినా ఏమీ కాదు. రెండోది, పై లెవెల్‌ల కాటంతా మొదటి 60, 80 టర్న్‌లలోనే ఉంటుంది, ఆ అదనపు సెట్లర్లూ సైన్యమూ అప్పుడే పని చేస్తాయి. ప్రిన్స్‌లో ఆ కాటు లేదు. దాటాక కంప్యూటర్ ఎలాగూ సరిగ్గా ఆడలేదు.

గుంపు అన్నిటికంటే బలహీనంగా ఉండే కాలం, లెవెల్ అన్నిటికంటే గట్టిగా కరిచే కాలం, రెండూ ఒకటే. లెవెల్ దించితే కాటు పోతుంది, దాంతోపాటు ఆట కూడా పోతుంది. అందుకని లెవెల్‌ని కాదు, మొదటి కొన్ని టర్న్‌లు ఆడే పద్ధతిని మార్చాలి అనిపించింది.

మూడో ఆట: ఎంపరర్, రోమ్

2023 జనవరిలో మొదలుపెట్టాం. మొదటి 30 టర్న్‌లు ఎవరి వంతూ కాదు. ఆదివారం పొద్దున ఏడున్నరకి, డల్లాస్‌లో శనివారం రాత్రి ఎనిమిది, అందరం కాల్‌లో కూర్చుని ఒకే స్క్రీన్ మీద ఆడాం. రెండు ఆదివారాలు పట్టింది. మౌస్ తమ్ముడి చేతిలో. మొదటి ఊరు ఎక్కడ, రెండో ఊరు ఎక్కడ, పక్కవాడు ఎవరు అన్నవి అందరి కళ్లముందే తేలాయి. ఎవరికి ఏం భయమో కూడా తెలిసింది. బెంగళూరు వాడికి బార్బేరియన్లంటే వణుకు, అందుకే ఎప్పుడూ ఒక వారియర్‌ని ఊళ్లోనే ఉంచుతాడట. ఈ సంగతి మూడేళ్లుగా తెలియదు.

దేశాన్ని ఎంచుకోవడంలోనూ ఇదే చూశాం. ట్రాజన్ నాయకుడుగా ఉన్న రోమ్‌లో కొత్త ఊరు పెట్టగానే మాన్యుమెంట్ అనే భవనం దానంతట అదే వస్తుంది, దగ్గర్లో ఉంటే రాజధానికి రోడ్డు కూడా పడుతుంది. కొత్త ఊళ్లో ముందు ఏం కట్టాలి అన్న వాదన ఉండదు. గాంధీలా ఒక పక్కకి లాగే గుణమూ లేదు. నిపుణులు రోమ్‌ని కొత్తవాళ్ల దేశం అని కాస్త చిన్నచూపు చూస్తారు. చేతులు మారే ఆటకి అదే కావాలి. డల్లాస్ వాడు జర్మనీ కావాలన్నాడు. దాని ప్రత్యేక పారిశ్రామిక డిస్ట్రిక్ట్ హాన్సా ఎక్కడ పెట్టాలో వివరించడానికి వాడికి పావుగంట పట్టింది. ఆ పావుగంటే మా జవాబు.

ఆట తీరు మీద అసలు గొడవ. బేస్ గేమ్‌లో గెలిచే దారులు సైన్స్, కల్చర్, మతం, యుద్ధం, అవేవీ కాకపోతే చివర్న స్కోరు. తమ్ముడికి యుద్ధమే కావాలి. మిగతా అందరి అసలు రాజధానులూ పట్టుకోవాలి. నేను వద్దన్నాను. యుద్ధం సగంలో ఉండగా ఫైల్ చేతులు మారడమంటే, దమ్ మీద ఉన్న బిర్యానీ మూత తీసి ఇంకొకరికి గరిటె ఇచ్చినట్టే. ఏ దళం ఎందుకు అక్కడ ఆగిందో, ఏది ఎర, ఏది దాడికో నడిపేవాడికి తప్ప తెలియదు. మతంతో గెలవడమూ అంతే, మిషనరీలని గడి గడికీ నడిపించాలి. కల్చర్ గెలుపులో టూరిజం లెక్క మాలో ఇద్దరికి ఇప్పటికీ సరిగ్గా అర్థంకాదు. సైన్స్ తేలిక. క్యాంపస్‌లు, పరిశ్రమలు, చివర్లో స్పేస్‌పోర్ట్. శాటిలైట్, చంద్రుడి మీద దిగడం, అంగారకుడి కాలనీకి మూడు భాగాలు. ఎక్కడిదాకా వచ్చామో ఫైల్ తెరవగానే కనిపిస్తుంది, ఎవరినీ అడగక్కర్లేదు.

తమ్ముడి ముఖం మాడిపోయింది. అందుకని ఒక సర్దుబాటు చేశాం. యుద్ధం వద్దని కాదు, మొదలుపెట్టినవాడే ముగించాలి. ఓటుతో ఒప్పుకుంటే వాడికి 20 టర్న్‌లు ఏకబిగిన ఇస్తాం, చివర్లో సంధి చేసి మరీ ఫైల్ ఇవ్వాలి.

ఓటు మూడింటికే: కొత్త ఊరి స్థలం, యుద్ధం, గెలుపు దారి మార్చడం. మిగతాదంతా ఫైల్ చేతిలో ఉన్నవాడి ఇష్టం. 2014లో ఆటల్ని ప్రత్యక్షంగా చూపే సైట్ ట్విచ్‌లో వేలమంది కలిసి ఒకే పోకెమాన్ ఆట ఆడినప్పుడు, ఎవరు నొక్కింది వాళ్లదే అనే పద్ధతికీ ఓటు పద్ధతికీ మధ్య ఊగుతూ 16 రోజుల్లో ముగించారు. అయిదుగురికి కూడా ఆ రెంటిలో ఏ ఒక్కటీ పూర్తిగా పనికిరాదు. ప్రతిదానికీ ఓటు పెడితే ఫైల్ వారాల తరబడి పడుంటుంది, అసలు పెట్టకపోతే హోలీ సైట్లు లేస్తాయి.

మమ్మల్ని నిజంగా ఒడ్డున పడేసింది మాత్రం చెల్లెమ్మ. మొదటి ఆటలో ఆ "డన్. అంతా బాగుంది. ఎంజాయ్" చూసి ఆమె నవ్వలేదట. "మా వార్డులో షిఫ్ట్ మారేటప్పుడు ఇలా చెబితే మెమో ఇస్తారన్నయ్యా" అంది. ఆసుపత్రుల్లో డ్యూటీ అప్పగించేటప్పుడు పరిస్థితి ఏమిటి, వెనక ఏం జరిగింది, మన అంచనా ఏమిటి, ఇక ఏం చేయాలి అని వరసగా చెప్పే పద్ధతి ఒకటుంది. ఎస్‌బీఏఆర్ అంటారు. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల నుంచి ఆసుపత్రులకి వచ్చిందది. ఆమె దాన్ని మా ఆటకి మూడు వాక్యాలకి కుదించింది: ఏం నడుస్తోంది, ఎందుకు. ఎక్కడ ప్రమాదం ఉంది. ఏది ముట్టుకోకూడదు. 45వ టర్న్‌లో ఆమె రాసిన అప్పగింత ఇలా ఉంది: "రోమ్‌లో మూడో స్లింగర్ అవుతోంది. ముగ్గురూ ఆర్చర్లయితే మెషినరీకి యురేకా, ఎవరినీ పోగొట్టకండి. ఉత్తరాన బార్బేరియన్ క్యాంపు ఉంది, స్కౌట్ ఇంకా మనల్ని చూడలేదు. నది పక్కన పిన్ పెట్టిన గడిలో పొలం వేయకండి, అది క్యాంపస్‌కి." మూడే మూడు ముక్కలు. నలుగురు ఇంజనీర్లకి మూడేళ్లలో తట్టలేదు.

పిన్‌ల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మ్యాప్ మీద గుర్తులు పెట్టుకునే సదుపాయం ఆటలో ఉంది, ఒంటరిగా ఆడేవాళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోరు. మేం ప్రతి ఊరికీ రాబోయే డిస్ట్రిక్ట్‌లన్నీ పిన్‌లు పెట్టేశాం. ఇంకో మంచి కిటుకు: డిస్ట్రిక్ట్‌ని నేల మీద పెట్టిన క్షణంలో దాని ఖర్చు అక్కడే ఆగిపోతుంది. పెట్టకుండా ఆలస్యం చేస్తే పరిశోధనలు పెరిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది. అందుకని జనాభా 1, 4, 7కి చేరి స్థలం దొరకగానే డిస్ట్రిక్ట్ పెట్టేసి, కట్టడం తర్వాతివాళ్లకి వదిలేశాం. ఖర్చు మిగిలింది, పైగా పథకం సేవ్ ఫైల్‌లోనే ఉండిపోయింది. తర్వాతివాడు సందేశం చదవకపోయినా సగం కట్టిన క్యాంపస్ కనిపిస్తుంది కదా.

ఇక లెవెల్ లెక్కకి వస్తాను. 31 నుంచి 80వ టర్న్ దాకా రాజధానిలో వృథా లెక్కిస్తే 50లో 5, అంటే 10 శాతం. ఎంపరర్‌లో కంప్యూటర్‌కి 140, మాకు 90. భాగిస్తే 1.56. ఒంటరిగా ఇమ్మోర్టల్ ఆడేవాడికి 1.6. పేరుకి ఎంపరర్ పెట్టాం, డల్లాస్ వాడికి తనకు అలవాటైన బరువే తగిలింది, చెల్లెమ్మ మునిగిపోలేదు. వాడు మొదట ఎంపరర్ అంటే మొహం చిట్లించాడు. 60వ టర్న్ దగ్గర "ఏంట్రా ఇది, ఇంత గట్టిగా ఉందేంటి" అని రాత్రి మెసేజ్ పెట్టాడు. అప్పుడే నాకు ఈ ఆట చివరిదాకా నడుస్తుందని నమ్మకం కలిగింది.

తమ్ముడి యుద్ధం 96 నుంచి 115 దాకా. కాంగో సరిహద్దు ఊళ్లు రెండు పట్టాడు. క్రాస్‌బోలు, కేటపల్ట్‌లు, వెనక రెండు నైట్‌లు. బాగా నడిపాడు, మాట ప్రకారం సంధి చేసుకుని ఫైల్ ఇచ్చాడు. ఆ తర్వాత బిల్లు మాకొచ్చింది. ఇద్దరు నాయకులు మమ్మల్ని తప్పుపట్టి లగ్జరీల మారకం ఆపేశారు, ఊళ్లలో అమెనిటీలు (జనాన్ని సంతోషంగా ఉంచే సౌకర్యాలు) పడిపోయి 20 టర్న్‌లు ఎదుగుదల మందగించింది. యుద్ధం ఒకరి వంతులోనే ముగియాలన్న షరతు పెట్టాంగానీ, దాని ఫలితం మాత్రం అందరి వంతుల్లోకీ పాకుతుందని నాకు తట్టలేదు. మళ్లీ అడిగితే ఒప్పుకుంటానా? ఒప్పుకుంటాను. లేకపోతే వాడు మానేసేవాడు, నలుగురితో ఆట వేరు.

అన్నిటికంటే పెద్ద వృథా ఎవరివల్ల జరిగిందో ఊహించండి. మాలో అందరికంటే బాగా ఆడేవాడివల్లే. 170ల్లో డల్లాస్ వాడు నాలుగు పిన్‌లు తీసేసి పారిశ్రామిక డిస్ట్రిక్ట్‌లని కొత్త వరసలో పేర్చాడు. వాడి పేర్పు మా దానికంటే మెరుగ్గా ఉంది, అందులో సందేహం లేదు. కానీ అది పన్నెండు అడుగుల ఆలోచన, అందులో తొమ్మిది అడుగులు వాడి తలలోనే ఉన్నాయి. తర్వాతి ముగ్గురం మూడు రకాలుగా అర్థం చేసుకున్నాం. కింగ్ ఆడేవాడి పథకం రెండడుగులే, ఎవరైనా మోయగలరు. అందుకే లెవెల్‌ని అందరికంటే బాగా ఆడేవాడిని చూసి పెట్టకూడదని నా అభిప్రాయం. వాడి నైపుణ్యంలో సగం ఫైల్‌తో పాటు ప్రయాణం చేయదు.

వంతు పొడవు గురించి రెండు మాటలు. మేం స్టాండర్డ్ స్పీడు, 500 టర్న్‌ల లెక్క. మొదట్లో 15 టర్న్‌లు అరగంటలో అయిపోతాయి. 200 దాటాక అయిదు టర్న్‌లకే గంట పడుతుంది. అందుకని 60 దాకా 15, 150 దాకా పది, 200 దాకా ఏడు, ఆ తర్వాత అయిదు. 1500 టర్న్‌ల మారథాన్ పెడితే ఒక వంతులో ఏమీ జరగదు. 250 టర్న్‌ల ఆన్‌లైన్ స్పీడులో ఒకే వంతులో యుగం మారిపోయి, వెనక్కి వచ్చేసరికి మన దేశం మనమే గుర్తుపట్టలేం.

ఏప్రిల్‌లో, 287వ టర్న్‌లో అంగారకుడి మూడో భాగం పూర్తయింది. జర్మనీ అప్పటికే చంద్రుడి మీద దిగింది. చివరి మీట నొక్కే వంతు లెక్క ప్రకారం బెంగళూరు వాడిది. వాడు తన భార్యకిచ్చాడు. ఆమె నైట్ డ్యూటీ నుంచి వచ్చి పొద్దున్నే నొక్కి, స్క్రీన్‌షాట్‌తో పాటు అలవాటు కొద్దీ మూడు వాక్యాలూ రాసింది: "గెలిచాం. ప్రమాదం ఏమీ లేదు. ఎవరూ ఏమీ ముట్టుకోకండి, నేను పడుకుంటున్నాను."

నాలుగో ఆట ఇప్పుడు నడుస్తోంది. డల్లాస్ వాడి పట్టుదల మీద ఇమ్మోర్టలే. 40 టర్న్‌లలో వృథా 3. రాజధాని ఇంకా మా దగ్గరే ఉంది, రెండో ఊరు మాత్రం నిన్న రాత్రి చుట్టుముట్టారు, ఫైల్ మళ్లీ నా దగ్గరే ఉంది.